తిమింగలాలు చిక్కుకోని తాళ్లు, బుట్టలు: గ్రాంటు దేనికి సరిపోతుంది, దేనికి చాలదు?

#1 | పడవబాట

అమెరికా ఈశాన్య తీరంలో లాబ్‌స్టర్ పట్టేవాళ్లకీ, కెనడా సెయింట్ లారెన్స్ గల్ఫ్‌లో స్నో క్రాబ్ (మంచు పీత) పట్టేవాళ్లకీ తిమింగలాలు చిక్కుకోని గేర్ (తాళ్లు, బుట్టలు, వాటి సరంజామా) కొనుక్కోమని ప్రభుత్వాలు డబ్బిస్తున్నాయి. పత్రికల్లో "కోట్ల డాలర్ల సాయం" అని వస్తుంది గానీ ఒక్కో పడవకు ఏం చేరుతుందో, ఆ డబ్బుతో ఏ సామాను వస్తుందో ఎవరూ విడమరచి రాయరు. ఈ దారంలో ఆ లెక్క తేలుద్దాం. గేర్ తెలిసినవాళ్లు గేర్ గురించి, పద్దు తెలిసినవాళ్లు పద్దు గురించి రాయండి. తిమింగలాల మీద జాలి కవితలు వేరే దారంలో పెట్టుకుందాం.

#2 | తాడుముడి

ముందు గేర్ సంగతి. లాబ్‌స్టర్ బుట్టలు సముద్రం అడుగున ఉంటాయి. ఒక్కొక్కటిగానో, ఒకే అడుగు తాడుకు వరసగా కట్టిన సరంగానో వేస్తారు. సరం కొసల నుంచి నీటి మీది బోయా దాకా నిలువు తాడు లేస్తుంది. ప్రమాదమంతా ఈ నిలువు తాడుతోనే. అడుగు తాడు నీళ్లలో తేలి వంపులు తిరగకుండా మునిగే రకమే వాడాలని అమెరికాలో 2009 నుంచే నిబంధన ఉంది.

ఈ తీరాల్లో తిరిగే నార్త్ అట్లాంటిక్ రైట్ జాతి తిమింగలాలు ఇప్పుడు 380 చుట్టుపక్కల మిగిలాయి. అందులో పిల్లల్ని కనే ఆడవి 70 ప్రాంతం. 2017లో కెనడాలో 12, అమెరికాలో 5 చచ్చి కనిపించాక రెండు దేశాల్లోనూ నిబంధనలు బిగిశాయి. బతికున్నవాటిలో 85 శాతానికి పైగా ఒక్కసారైనా తాడులో చిక్కుకున్న మచ్చలున్నవే.

నిబంధనల్లో తాడు 1,700 పౌన్ల (771 కిలోల) లాగుడుకు తెగాలని ఉంటుంది. ఆ అంకె ఎక్కడిదంటే, తిమింగలాల ఒంటి మీద దొరికిన తాళ్లను పరీక్షించి 2016లో వేసిన ఒక పత్రం నుంచి. తాళ్లన్నీ అంతకంటే తక్కువ బలానికే తెగేవైతే ప్రాణం మీదికొచ్చే చిక్కులు కనీసం 72 శాతం తగ్గొచ్చని అందులో తేల్చారు. కొత్త 3/8 అంగుళాల పాలీస్టీల్ (గట్టి ప్లాస్టిక్ నూలు) తాడు 3,000 పౌన్లు దాటినా తెగదు. కాబట్టి ఉన్న తాడులోనే ఒకటి రెండు చోట్ల బలహీనమైన ముక్క పెట్టాలి, లేదా తాడంతా 1,700 రకానికి మార్చాలి. గ్రాంట్లలో మొదటి విడత ఈ రెండిటి కోసమే వచ్చింది.

#3 | లెక్కలపద్దు

అమెరికా వైపు డబ్బు మూడు దారుల్లో వచ్చింది. మూడింటినీ కలిపి చెప్పడం వల్లే అయోమయం.

ఒకటి: బలహీన తాళ్లు, ముక్కలు పెట్టాలన్న కొత్త నిబంధన 2021 సెప్టెంబరులో వచ్చింది, గేర్ మార్పులు 2022 మే 1 నుంచి అమలయ్యాయి. ఆ ఖర్చు కోసం 2022 బడ్జెట్‌లో 1.4 కోట్ల డాలర్లను అట్లాంటిక్ స్టేట్స్ మెరైన్ ఫిషరీస్ కమిషన్ ద్వారా రాష్ట్రాలకు పంచారు. మెయిన్ రాష్ట్రంలోనే లాబ్‌స్టర్ లైసెన్సులు 5,000 చుట్టూ ఉంటాయి. మొత్తం సొమ్ము ఆ ఒక్క రాష్ట్రానికే ఇచ్చి సమానంగా పంచినా తలకి 3,000 డాలర్లు కూడా పడదు. అది తాళ్లకూ ముక్కలకూ సరిపోయే సొమ్ము, అంతకు మించి ఆశ పెట్టుకోకూడదు.

రెండు: ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ చట్టం కింద రైట్ తిమింగలాల కోసం నోవా (అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ) 2023లో ప్రకటించిన 8.2 కోట్ల డాలర్లు. ఇందులో పెద్ద వాటా నిఘాకు, ఓడలు గుద్దుకోకుండా చూసే పనులకు పోయింది. నీటి మీద బోయా లేకుండా, సంకేతం ఇచ్చినప్పుడే అది పైకొచ్చే ఆన్-డిమాండ్ గేర్‌కు దక్కింది దాదాపు 1.8 కోట్లు. అదీ వేటగాడి చేతికి నగదుగా రాదు. యంత్రాల కొనుగోలు, అరువు, పరీక్షల రూపంలో వస్తుంది.

మూడు: నేషనల్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ నడిపే న్యూ ఇంగ్లాండ్ గేర్ ఇన్నోవేషన్ ఫండ్. ఇది పోటీ గ్రాంటు. సంఘాలు, విశ్వవిద్యాలయాలు, గేర్ కంపెనీలు ప్రతిపాదన రాసి తెచ్చుకుంటాయి. ఒంటరి పడవ యజమాని దీనికి కూర్చుని దరఖాస్తు రాయడం దండగ. సంఘం ద్వారా చేరాలి.

#4 | కొత్తనావికుడు

తాడుముడి గారూ, ఒక అనుమానం. 1,700 పౌన్లకే తెగే ముక్క పెడితే బుట్టలు పైకి లాగేటప్పుడే తెగిపోదా? హాలర్ (పడవ మీద తాడు లాగే యంత్రం) లాగే బలం ఎంత, బుట్టల బరువెంత? తెగితే సరం మొత్తం పోయినట్టే కదా. అప్పుడు నష్టం ఎవరు భరిస్తారు?

#5 | తాడుముడి

మంచి ప్రశ్న. ముక్క తాడు పైభాగంలోనే పెట్టమనడానికి కారణం ఇదే. లెక్క చూడండి.

లోతు 200 అడుగులు (33 బారలు) అనుకోండి. ఆటుపోట్లకు, ప్రవాహానికి తట్టుకోవాలని నిలువు తాడు 300 అడుగులు వేస్తారు. హాలర్ మొదట లాగేది వదులునే. మొదటి బుట్ట నేల విడిచేసరికి 100 అడుగులు పడవ మీదికి వచ్చేసి ఉంటుంది. అంటే 25 శాతం దగ్గర (75 అడుగులు) పెట్టిన ముక్క అప్పటికే డెక్కు మీద ఉంది, దాని మీద బరువే పడదు. 50 శాతం దగ్గర (150 అడుగులు) ఉన్న ముక్క ఇంకో 50 అడుగులు లాగితే పైకొస్తుంది. సరంలో బుట్టకీ బుట్టకీ మధ్య 60 అడుగులకు మించి ఎడం ఉంటే ఆ లోపు ఒక్క బుట్టే నీళ్లలో వేలాడుతుంది, రెండోది ఇంకా నేల మీదే. ఆ బరువుకు 1,700 ముక్క తెగదు.

తెగే సందర్భాలు వేరు. బుట్ట బురదలో కూరుకుపోయి హాలర్‌ను ఆపకుండా బలవంతంగా లాగినప్పుడు, పక్కవాడి సరం మన సరం మీద పడి రెండూ కలిసి లేస్తున్నప్పుడు, పెద్ద అల మీద పడవ ఎగిరి తాడు ఒక్కసారి జర్క్ ఇచ్చినప్పుడు. ఈ మూడో దాంట్లోనే ఎక్కువ పోతాయి. నివారణ: హాలర్ వాల్వు ఒత్తిడి తగ్గించి పెట్టుకోవడం, పడవను తాడు మీదికే నడుపుతూ వదులు తీసుకోవడం.

మెయిన్ నిబంధన కూడా ఈ లెక్కకు తగ్గట్టే ఉంది. తీరం దగ్గర 3 మైళ్ల లోపు సగం దగ్గర ఒక ముక్క. 3 నుంచి 12 మైళ్ల మధ్య 25, 50 శాతాల దగ్గర రెండు. 12 దాటితే పైనుంచి మూడో వంతు దగ్గర ఒకటి. బయటి నీళ్లలో సరాలు పెద్దవి, బరువు ఎక్కువ, అందుకే సగం దగ్గర ముక్క పెట్టమనలేదు. మసాచుసెట్స్ రాష్ట్ర జలాల్లో దీనికంటే గట్టిది: నిలువు తాడు మందం 3/8 అంగుళాలు దాటకూడదు, పై 75 శాతంలో ప్రతి 60 అడుగులకూ ఒక బలహీన బిందువు ఉండాలి, లేదా తాడే 1,700 రకం అయుండాలి.

#6 | పడవబాట

ముక్క అంటే ఏ సామాను? గ్రాంటు డబ్బుతో ఏది కొంటే మేలు?

#7 | తాడుముడి

చాలామంది వాడేది సౌత్ షోర్ స్లీవ్. మసాచుసెట్స్‌లోని సౌత్ షోర్ లాబ్‌స్టర్ వేటగాళ్ల సంఘం నుంచే పుట్టిన ఉపాయం అది. మూడడుగుల ప్రాంతం పొడవుండే, అల్లికతో చేసిన బోలు గొట్టం. తాడు కోసి రెండు కొసలూ చెరో వైపు నుంచి లోపలికి దూరుస్తారు. లాగిన కొద్దీ అల్లిక బిగుసుకుని కొసల్ని పట్టుకుంటుంది, బలం హద్దు దాటితే తెగుతుంది. ప్లాస్టిక్ లింకులు, 1,700 తాడు ముక్కలు కూడా ఆమోదం పొందినవాటిలో ఉన్నాయి.

తేడా వచ్చేది బిగించేటప్పుడు. కోసిన కొసకు నిప్పు పెట్టి కరిగించాక అది గుండుగా ఉబ్బితే గొట్టంలో నిండుగా దిగదు, హాలర్ పళ్లేల మధ్య అక్కడే తన్నుతుంది. గొట్టం సైజు తాడు సైజుకు సరిపోవాలి. 1/2 అంగుళం గొట్టంలో 5/16 తాడు పెడితే చెప్పిన బలం దగ్గర కాకుండా తోచిన చోట జారిపోతుంది. "గట్టిగా ఉండాలి" అని దాని మీద టేపు చుట్టి, దారంతో కుట్టి బిగించేవాళ్లున్నారు. అప్పుడది బలహీన బిందువు కాదు, తనిఖీలో దొరికితే జరిమానా. హాలర్ నమిలే చోటు కాబట్టి సీజన్‌కు ముందు ఒక్కోటీ వంచి చూసి, నూలు పైకి లేచినవి మార్చేయాలి.

ఇంకోటి, మామూలు తాడులో ముడి వేస్తే బలం సగానికి దగ్గరగా పడిపోతుందని, ముడే బలహీన బిందువు అనుకోవద్దు. ముడి రాయి సందుల్లోనూ, తిమింగలం నోటి జల్లెడ లాంటి బలీన్‌లోనూ పట్టేస్తుంది. ఆమోదించిన రకం తప్ప ముడులు లెక్కలోకి రావు.

#8 | ఎదురుగాలి

ఇదంతా సరే గానీ, మెయిన్ తీరం దగ్గర రాళ్ల మధ్య వేటాడేవాడి తాడులో రైట్ తిమింగలం చిక్కిందని ఎప్పుడైనా రుజువైందా? చేయని తప్పుకు గేర్ మార్చమంటున్నారు, పైగా అది సాయమట. 2023 జూన్‌లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు కూడా అధికారులు అన్నిటికన్నా చెడ్డ ఊహనే ఆధారం చేసుకోవడం తప్పని చెప్పింది. 2022 డిసెంబరు చట్టం కొత్త నిబంధనల్ని 2028 ఆఖరు దాకా ఆపింది. మరి ఈ ఖర్చు ఎందుకు?

#9 | లెక్కలపద్దు

కోర్టు తీర్పు, చట్టం రెండూ నిజమే. కానీ "రుజువు లేదు" అన్న మాట 2024 జనవరి తర్వాత చెల్లదు. ఆ నెల 28న మార్తాస్ విన్యార్డ్ ఒడ్డుకు మూడేళ్ల ఆడ రైట్ తిమింగలం కొట్టుకొచ్చింది, కేటలాగ్ సంఖ్య 5120. తోక దగ్గర ఒంట్లోకి దిగిపోయిన తాడు మీద ఊదా గుర్తులున్నాయి. ఏ రాష్ట్రం తాడో తెలియడానికి రాష్ట్రానికో గుర్తు రంగు ఉంటుంది. ఊదా అంటే మెయిన్. మసాచుసెట్స్‌కు ఎరుపు, న్యూ హాంప్‌షైర్‌కు పసుపు. మెయిన్ రాష్ట్ర జలాల తాడేనని నోవా తేల్చింది.

ఇంకో కోణం: 2022లో సీఫుడ్ వాచ్ (ఏ సముద్ర ఆహారం కొనొచ్చో చెప్పే సంస్థ) లాబ్‌స్టర్‌ను కొనొద్దనే ఎర్ర జాబితాలో పెట్టింది, ఆ డిసెంబరులో గల్ఫ్ ఆఫ్ మెయిన్ లాబ్‌స్టర్‌కున్న ఎంఎస్‌సీ ముద్ర (పర్యావరణానికి హాని లేని వేట అనే ధ్రువీకరణ) సస్పెండయింది. కొనేవాడు అడిగినప్పుడు చూపించడానికి గేర్ ఉండాలి. చట్టం ఆపినది కొత్త నిబంధనల్నే. 2022 నుంచి ఉన్న బలహీన ముక్కలు, గుర్తులు అలాగే ఉన్నాయి.

#10 | హాలిఫాక్స్_గాలి

కెనడా సంగతి రాస్తాను, అక్కడ నడక వేరు. ఫిషరీస్ అండ్ ఓషన్స్ శాఖ 2021లో వేల్‌సేఫ్ గేర్ అడాప్షన్ ఫండ్ పెట్టింది, 2 కోట్ల కెనడా డాలర్లు. వేటగాళ్ల సంఘాలకు, ఆదివాసీ సమాజాలకు, గేర్ మీద పనిచేసేవాళ్లకు ప్రాజెక్టులుగా ఇచ్చారు. బలహీన తాళ్ల కొనుగోలు, ఆన్-డిమాండ్ యంత్రాల పరీక్ష, శిక్షణ ఇవన్నీ అందులోకి వచ్చాయి.

స్నో క్రాబ్ వాళ్లకు అసలు ఒత్తిడి మూసివేతల వల్ల. తిమింగలం కనిపించినా, నీటి కింది మైకుకు దాని గొంతు వినిపించినా ఆ ప్రాంతం 15 రోజులు మూత. గల్ఫ్‌లో 9వ రోజుకూ 15వ రోజుకూ మధ్య మళ్లీ కనబడితే నవంబరు 15 దాకా మూత. పీత సీజన్ వసంతంలో కొద్ది వారాలే. ఒక పెద్ద మూతతో కోటా నీళ్లలోనే మిగిలిపోవచ్చు. నీటి మధ్యలో తాడు లేని ఆన్-డిమాండ్ గేర్‌తో, ప్రయోగాత్మక లైసెన్సు మీద, మూసిన చోట కూడా వేటాడనిస్తారు. అందుకే అక్కడ ఆ యంత్రాలకు గిరాకీ. కొనకుండా తీసుకోవడానికి కెనడియన్ వైల్డ్‌లైఫ్ ఫెడరేషన్ క్యాన్‌ఫిష్ పేరుతో గేర్ అరువిచ్చే ఏర్పాటు నడుపుతోంది.

ఒక చిక్కు చెప్పాలి. అక్కడ పీత బుట్టలు శంకువు ఆకారంలో ఉండే పెద్దవి, మామూలుగా ఒక్కో బుట్టకు ఒక్కో నిలువు తాడు. ప్రతి బుట్టకూ ఒక యంత్రం అంటే అయ్యే పని కాదు. మూసిన ప్రాంతంలో బుట్టల్ని సరంగా కట్టి, సరానికి ఒక యంత్రం పెట్టాల్సిందే. దానికి డెక్కు మీద చోటు, బుట్టలు దించే వరస రెండూ మారతాయి. శిక్షణ గ్రాంటులో ఉండటం అందుకే ముఖ్యం.

#11 | కొత్తనావికుడు

ఆన్-డిమాండ్ యంత్రం ఎలా పనిచేస్తుంది? ఎంత అవుతుంది? మా ప్రాంతంలో జీపీఎస్ పనిచేయకపోతే వల దొరకదని గగ్గోలు. అక్కడ బోయా కూడా లేకుండా ఎలా?

#12 | లోతునీరు

మూడు పద్ధతులున్నాయి. తాడూ బోయా కలిపి బోనులో మడిచి అడుగునే పెట్టి, సంకేతం రాగానే మూత తెరుచుకునేవి. అమెరికాలో ఎడ్జ్‌టెక్, నోవా స్కోషియాలో యాషోర్డ్ చేసేవి ఈ రకం. రెండు, గాలి సిలిండరుతో సంచి ఉబ్బి బుట్టనే పైకి లేపేవి. మూడు, బోయా చుట్టూనే తాడు చుట్టి ఉంచే రీలు రకం. సంకేతం శబ్ద తరంగంగా పోతుంది. చౌక రకాల్లో టైమరు ఉంటుంది, లేదా ఉప్పునీటికి కరిగే లోహపు లింకు. లోహపు లింకును నమ్ముకుంటే ఒక మాట: చల్లటి నీళ్లలో నెమ్మదిగా కరుగుతుంది. వేసవిలో సరిచూసుకున్న గడియ ఏప్రిల్‌లో చెల్లదు.

ధర: శబ్దంతో పనిచేసే ఒక యూనిట్ 4,000 డాలర్ల చుట్టూ, డెక్కు మీది సంకేత పెట్టె అదనం. లెక్కలపద్దు గారి పద్ధతిలోనే వేద్దాం. 800 బుట్టలు మెయిన్, మసాచుసెట్స్ తీర లైసెన్సుల గరిష్ఠ పరిమితి. 10 బుట్టల సరాలైతే 80 సరాలు. సరానికి ఒక్కటే యంత్రం పెట్టినా 3,20,000 డాలర్లు. అదే 80 సరాలకు రెండేసి తాళ్లు, తాడుకు మూడేసి స్లీవులు వేస్తే 480 స్లీవులు. అది గ్రాంటు లేకున్నా తట్టుకోగల ఖర్చు. కాబట్టి ఆన్-డిమాండ్ గ్రాంటు అన్నప్పుడు మొత్తం గేర్ మారడం గురించి మాట్లాడటం అర్థం లేనిది. మూత పడిన నెలల్లో కొద్ది సరాలతో వేట సాగించడం వరకే దాని పని. మసాచుసెట్స్ బేలో ఫిబ్రవరి 1 నుంచి ఏప్రిల్ 30 దాకా, మెయిన్ బయట 967 చదరపు మైళ్లలో అక్టోబరు నుంచి జనవరి దాకా అలాంటి మూతలున్నాయి. అక్కడ కూడా నోవా ప్రయోగ అనుమతి ఉండాలి, ఎందుకంటే మామూలు నిబంధన బోయా ఉండి తీరాలంటుంది. ఉడ్స్ హోల్ పరిశోధన కేంద్రం గేర్ లైబ్రరీ నుంచి అరువు తెచ్చుకోవడమే తెలివైన మొదటి అడుగు.

పాడయ్యే చోట్లు ఇవి. పడవ ఇంజను మోతలో సంకేతం వినబడదు. న్యూట్రల్‌లో పెట్టి, ట్రాన్స్‌డ్యూసర్‌ను (నీళ్లలోకి శబ్ద సంకేతం పంపే పరికరం) పడవ అడుగు దాటేలా దించాలి. వేసవిలో పైన వేడి, కింద చల్లని పొర ఏర్పడినప్పుడు శబ్దం వంగిపోతుంది. జవాబు రాకపోతే యంత్రం చచ్చిందనుకోకుండా పక్కకు కాస్త జరిగి మళ్లీ పిలవాలి. మూత తెరుచుకున్నా బోయా రాకపోతే తప్పు చాలాసార్లు తాడు మడతలోనే ఉంటుంది. తడి తాడును చుట్లు చుట్లుగా కాకుండా ఎనిమిది ఆకారంలో బోనులో పరచాలి, పైన బోయా, దాని కింద బోయాకు దగ్గరి కొస. తొందరలో తలకిందులుగా నింపితే మొదటి మడతలోనే ముడి పడుతుంది. తాడు పొడవు లోతుకు సరిగ్గా సమానంగా పెట్టినా ఇబ్బందే, ప్రవాహంలో బోయా నీటి కిందే నిలిచిపోతుంది.

చివరికి ఏదీ పనిచేయకపోతే కొక్కెం వేయడమే. అందుకని సరం రెండు కొసల స్థానాలూ రాసుకోవాలి, దించిన చోటే కాకుండా నేల తాకిన చోటు కూడా. కొక్కేన్ని సరానికి అడ్డంగా లాగాలి, వెంబడి లాగితే ఏమీ తగలదు. మునిగే అడుగు తాడు నేలను అంటుకుని ఉంటుంది కాబట్టి బరువైన గొలుసు, పొట్టి ముళ్ల కొక్కెం కావాలి.

బోయా లేకపోతే ఇతరులకు ఎలా తెలుస్తుందన్నది ఇంకా పూర్తిగా తేలని సమస్య. యంత్రం స్థానం యాప్‌లో కనబడుతుంది, కానీ ఒక కంపెనీ గుర్తు ఇంకో కంపెనీ తెర మీద కనబడాలి, అడుగు వల లాగే పడవ చార్టులో కూడా కనబడాలి. అది లేకపోతే ట్రాల్ పడవ సరాన్ని తెలియకుండానే ఈడ్చుకుపోతుంది. నా అభిప్రాయంలో తర్వాతి గ్రాంట్లలో యంత్రాల కంటే ముందు దీనికే డబ్బు పెట్టాలి.

#13 | ఎదురుగాలి

లోతునీరు గారితో ఇక్కడ ఏకీభవిస్తాను. దాంతో పాటు టైము. ఒక్కో బోను మళ్లీ నింపడానికి డెక్కు మీద పోయే నిమిషాలకు ఏ గ్రాంటూ కూలి ఇవ్వదు. తీరంలో ఒంటిగా, మహా అయితే ఒక మనిషితో వేటాడే పడవకు అదే పెద్ద ఖర్చు.

#14 | ఉప్పాడ_అలలు

మన వైపు సంబంధం ఉన్న విషయం ఒకటి. అమెరికాకు సముద్ర ఉత్పత్తులు అమ్మే దేశాలు తమ వేటలో తిమింగలాలు, డాల్ఫిన్ల రక్షణకు అమెరికాతో సమానమైన ఏర్పాట్లు చూపాలని 2016లో నియమం పెట్టారు. వాయిదాలు పడి 2026 జనవరి 1న అమల్లోకి వచ్చింది. డబ్బాల్లో పీత మాంసం ఎగుమతి చేసేవాళ్లకు ఇది నేరుగా తగిలే సంగతి.

దానితో కలిపి గందరగోళపడేది టెడ్, తాబేళ్లు వలలోంచి తప్పించుకునేలా చేసే పరికరం. అది వేరే చట్టం. సముద్రంలో పట్టిన మన రొయ్యలను 2019లో అమెరికా ఆపింది ట్రాలు వలల్లో టెడ్ లేనందుకే. సీఐఎఫ్‌టీ (కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ) రూపొందించిన టెడ్‌కు మత్స్య సంపద యోజన కింద ఖర్చంతా ప్రభుత్వాలదే, కేంద్రం 60, రాష్ట్రం 40. సామాను ఉచితంగా ఇచ్చినా "చేప జారిపోతుంది" అని వేటకెళ్లాక విప్పి పక్కన పెట్టేవాళ్లుంటారు. అట్లాంటిక్‌లో స్లీవ్ మీద టేపు చుట్టేవాళ్లదీ అదే బాపతు.

#15 | పడవబాట

చివరిగా కాగితాల సంగతి. గ్రాంటు వచ్చిందనగానే దుకాణానికి పరిగెత్తాలా?

#16 | లెక్కలపద్దు

వద్దు. అనుమతి తేదీకి ముందు కొన్న బిల్లులు తీసుకుంటారో లేదో ముందు చదవాలి, చాలా పథకాల్లో తీసుకోరు. ముందు కొని తర్వాత రీయింబర్స్ అయ్యే రకమైతే మధ్యలో చేతి డబ్బు ఆగుతుంది, దుకాణంలో అప్పు పెట్టుకునే వీలుందో చూసుకోవాలి. బిల్లులో "తాడు" అని మాత్రమే ఉంటే తిరిగొస్తుంది. 1,700 రకం అని, సైజు, అడుగులు, రంగు రాయించాలి. అరువు గేర్ అయితే పోయినప్పుడు ఎవరి బాధ్యతో ఒప్పందంలో చూడాలి, పోయిన చోటు వెంటనే తెలపాలి. అమెరికాలో ఆ సొమ్ముకు 1099 (వచ్చిన ఆదాయాన్ని పన్ను శాఖకు తెలిపే) ఫారం వస్తే ఆదాయం కింద చూపించి, గేర్ ఖర్చును ఎదురుగా రాసుకోవాలి. చూపించకపోతే మరుసటేడు నోటీసు వస్తుంది.

#17 | తాడుముడి

ఇంకొకటి కలపండి: ఒకేసారి గేర్ మొత్తం మార్చొద్దు. రెండు మూడు సరాలకు ఒక రకం స్లీవ్, ఇంకో రెండిటికి లింకు పెట్టి మీ హాలర్‌లో ఏది నలుగుతుందో చూసి మిగతా ఆర్డరు ఇవ్వండి. హాలర్ పళ్లేలు పడవ పడవకూ వేరు. పక్కవాడికి నప్పింది మీ దాంట్లో నెలలోపే చిరగొచ్చు. గుర్తు రంగులు మాత్రం తాడు పొడిగా ఉన్నప్పుడే వేయండి. తడి మీద వేసిన ఊదా సీజన్ సగానికల్లా బూడిద రంగుకు తిరుగుతుంది, తనిఖీకి వచ్చినవాడికి అది గుర్తే కాదు.